రశీదు లేని డబ్బా మనకొద్దు, స్క్రూడ్రైవర్ మన చేతికే రానివ్వండి

పోస్టు పొడుగ్గా ఉంటుంది. బ్రేక్‌లోనో ట్రెయిన్‌లోనో చదువుకోండి. కొందరికి కోపం వస్తుంది, పర్లేదు. పూర్తిగా చదివాక తిట్టండి.

విషయం ఇదీ. జర్మనీలో మన తెలుగువాళ్ళం కంప్యూటర్ కొనే పద్ధతి ఏం బాగాలేదు. గ్రూపుల్లో చూస్తుంటే రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, షోరూంలో రంగురంగుల లైట్లు వెలిగే రెడీమేడ్ గేమింగ్ పీసీని "0 శాతం వడ్డీ" అని వాయిదాల మీద ఇంటికి తెచ్చుకోవడం. రెండు, వాట్సాప్ గ్రూపులో ఎవరో "బిల్డ్ అన్న" చేతిలో క్యాష్ పెట్టి, బిల్లు గిల్లు లేకుండా డబ్బా మోసుకురావడం. మూడో దారి ఉంది. విడిభాగాలు మనమే ఎంచుకుని, మన పేరు మీద బిల్లుతో కొని, మన చేతులతోనే బిగించుకోవడం. ఈ దారిని "రిస్క్ బ్రో" అని కొట్టిపారేస్తున్నారు. అసలు రిస్క్ ఆ రెండు దారుల్లోనే ఉందని మేం అంటున్నాం.

మేం అంటే రూర్ ప్రాంతంలో ఒకే వేగేలో ఉండే అయిదుగురం. ఇద్దరం లాగర్‌లో నైట్ షిఫ్ట్. ఒకరు సైకిల్ మీద ఫుడ్ డెలివరీ, ఒకరు వెర్క్‌ష్టుడెంట్, అక్క ఒకావిడ ఆసుపత్రిలో నర్సు. ఇప్పటికి మా ఇంట్లో, మా దోస్తుల ఇళ్ళలో కలిపి చాలా డబ్బాలు విప్పాం, బిగించాం. ఆ చేత్తోనే రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం, యూరోల్లో కాదు, గంటల్లో. 2026 జనవరి నుంచి ఇక్కడ కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. షోరూంలో 1,500 యూరోల పీసీ అంటే దాదాపు 108 గంటల కూలి, అదీ కటింగులు పోకముందు. వారానికి 20 గంటలు చేసే స్టూడెంట్‌కి అది అయిదు వారాలకి పైన. ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఈ నెల పంపలేను నాన్నా" అని చెప్పాల్సిన అయిదు వారాలు. బ్యాంక్ అప్పు తీర్చడానికి వచ్చి ఇక్కడ ఇంకో అప్పు నెత్తికెత్తుకోవడం ఏం తెలివి? పైగా వాయిదా తప్పితే ఆ మరక షూఫాలో పడుతుంది. రేపు ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఓనర్ చూసేది ఆ కాగితాన్నే. గేమ్ కోసం తీసుకున్న వాయిదా గది దొరక్కుండా చేస్తుంది.

ఇంతా పోసి కొన్న ఆ డబ్బాలో ఏముంది? బయట స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో "ఐ7" అని ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు పేరు ఉంటుంది. ఏ తరం ఐ7 అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మదర్‌బోర్డు ఏ కంపెనీది? చాలాసార్లు రాయరు. పవర్ సప్లై, అదే మన ఊళ్ళో ఎస్ఎమ్‌పీఎస్ అనేది, ఎవరు చేశారు? "700 వాట్స్" అని మాత్రం ఉంటుంది. ర్యామ్ రెండు కడ్డీలుగా ఉండాల్సింది చాలా డబ్బాల్లో ఒకటే పెట్టి వదిలేస్తారు. మెమరీకి రెండు దారులు ఉంటే ఒక దారి మూసేసినట్టు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. లైట్లకి, గాజు తలుపుకి పెట్టిన డబ్బు కంటికి కనపడని చోట కోసేస్తారు. కనపడని ఆ చోటే డబ్బాకి ప్రాణం.

కౌంటర్ దగ్గర ఇంకో వల ఉంటుంది. "గ్యారంటీ ప్లస్ తీసుకోండి, ఇంకో వంద యూరోలే." అయ్యా, కొత్త వస్తువు దుకాణంలో కొంటే రెండేళ్ళపాటు గెవేర్‌లైస్టుంగ్ అనే హక్కు చట్టమే ఇస్తుంది. వస్తువులో లోపం ఉంటే అమ్మినవాడే బాగుచేయాలి, లేదా మార్చాలి. దీనికి పైసా కట్టక్కర్లేదు. 2022 జనవరి నుంచి కొన్న వస్తువులకి మొదటి ఏడాదిలో లోపం బయటపడితే, అది మొదట్నుంచీ ఉన్న లోపం కాదని నిరూపించాల్సింది అమ్మినవాడే. అంతకుముందు ఇది ఆరు నెలలే ఉండేది. కంపెనీ తన ఇష్టంతో ఇచ్చే గరాంటీ వేరు, ఈ హక్కు వేరు. మాలో ఒకరు చెడిపోయిన మదర్‌బోర్డు పట్టుకుని ఒక దుకాణానికి వెళ్తే "కంపెనీకి రాసుకోండి" అని పంపేశారు. కాదండీ, మీరు అమ్మారు, మీదే బాధ్యత అని గడువు పెట్టి మెయిల్ రాస్తే మార్చి ఇచ్చారు. మన జర్మన్ ఏ2 కావచ్చు, చట్టం మాత్రం అందరికీ ఒకటే. అప్పటికీ వినకపోతే ప్రతి రాష్ట్రంలో ఫెర్‌బ్రౌహర్‌ట్సెంట్రాలె ఉంది, వినియోగదారుల సలహా కేంద్రం. వెళ్ళి అడగండి.

ఈ హక్కులన్నీ ఒక్క కాగితం మీద నిలబడ్డాయి. దాని పేరు రెష్నుంగ్. బిల్లు.

ఇక్కడే బిల్డ్ అన్న దగ్గరకొస్తాం. మన గ్రూపుల్లో ప్రతి ఊళ్ళో ఒకరున్నారు. "తమ్ముడూ, నీకెందుకు టెన్షన్, నేను చూసుకుంటా." క్యాష్ తీసుకుంటాడు, వారంలో డబ్బా వస్తుంది. ఏ భాగం ఎక్కడ కొన్నాడో తెలియదు, కొత్తదో పాతదో తెలియదు. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేంటి" అంటాడు. ఆరు నెలలకి స్క్రీన్ నల్లబడితే "వాడకం సరిగ్గా లేదు" అంటాడు, తర్వాత ఫోన్ ఎత్తడు. అప్పుడు మీరు ఎవరి దగ్గరికి పోతారు? చట్ట ప్రకారం లాభానికి వరసగా అమ్మేవాడు వ్యాపారే, వాడికీ బాధ్యత ఉంటుంది. కానీ కాగితం లేకుండా ఏం చూపిస్తారు? వాట్సాప్‌లో పెట్టిన దండం ఎమోజీనా?

బిల్డ్ అన్నకి కూడా సూటిగా ఒక మాట. అన్నా, నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉంటే, సొంత వ్యాపారం చేయడానికి ఫారినర్స్ ఆఫీసు అనుమతి కావాలి. అది లేకుండా డబ్బాకి వంద మిగుల్చుకుంటూ పోతే నీ వీసాకే ఎసరు. వచ్చిన విద్య దాచుకుని అమ్ముకునే బదులు నేర్పు. నలుగురికి నేర్పితే నీ పేరు నిలబడుతుంది. నిజంగా వ్యాపారం చేయాలనుందా, అనుమతి తీసుకుని గెవెర్బె రిజిస్టర్ చేసుకో, బిల్లు ఇవ్వు. మొదటి గిరాకీలం మేమే.

సరే, మనమే ఎంచుకోవడం ఎలా?

ముందు పని తేల్చుకోండి. "డేటా సైన్స్ చదువుతున్నా, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి" అనేవాళ్ళు ఎక్కువయ్యారు. మొదటి సెమిస్టర్‌లో పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. పెద్ద మోడళ్ళు నడపాల్సి వస్తే మీ యూనివర్సిటీలో సర్వర్లు ఉన్నాయేమో ప్రొఫెసర్‌ని అడగండి, ఫీజు కట్టిందే దానికి. పావలా కోడికి ముప్పావలా మసాలా వేయొద్దు.

తర్వాత జత. మన ఊళ్ళో డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం కదా, అసలు సీపీయూ అరచేతిలో పట్టే బిళ్ళ. ఆ బిళ్ళకీ మదర్‌బోర్డుకీ గూడు ఒకటే అయ్యుండాలి. ఏఎమ్‌డీలో పాతది ఏఎమ్4, 2022లో వచ్చింది ఏఎమ్5. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ 1700, ఆ తర్వాతి కోర్ అల్ట్రా 200 వాటికి ఎల్‌జీఏ 1851. ఒకదాని బిళ్ళ ఇంకోదాంట్లో కూర్చోదు. ఏఎమ్5ని 2027 దాకా, ఆ తర్వాత కూడా నడిపిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది, అంటే రేపు బిళ్ళ మార్చుకుంటే చాలు, బోర్డు ఉంటుంది. ర్యామ్ కూడా అంతే. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 కడ్డీ దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. ఇంటెల్ బిళ్ళ పేరు చివర "ఎఫ్" ఉంటే దాంట్లో డిస్‌ప్లే ఉండదు, గ్రాఫిక్స్ కార్డు లేకుండా స్క్రీన్ రాదు.

ర్యామ్ ధర సంగతి మీకు తెలిసిందే. 2025 చివర్నుంచి మండిపోతోంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకుంటున్నాయి. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నామని చెప్పేసింది. అందుకని ఇప్పుడు పాత డీడీఆర్4 ఆఫీసు పీసీ మీద చిన్నచూపు వద్దు. కంపెనీలు లీజు అయిపోయాక తీసేసిన డెల్, హెచ్‌పీ, లెనొవో డబ్బాలని రిఫర్బిష్డ్ దుకాణాలు బిల్లుతో అమ్ముతాయి. వ్యాపారి అమ్మే పాత వస్తువుకి గెవేర్‌లైస్టుంగ్ ఏడాదికి తగ్గించొచ్చు, అయినా ఏడాది అంటే ఏడాదే. ఒక్క సంగతి చూసుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి తీసుకోండి. అంతకన్నా పాతదైతే లైనక్స్ వేసుకోండి, కోడింగ్‌కి అదే నయం.

క్లైన్‌ఆన్‌త్సైగెన్‌లో సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మామూలు మనిషి అమ్మితే "ప్రైవేట్ అమ్మకం, బాధ్యత లేదు" అని రాసుకుంటాడు, ఆ మాట చెల్లుతుంది. అందుకే ఇంటికెళ్ళి, ఆన్ చేయించి, కళ్ళారా చూసి డబ్బివ్వండి. పాత బిల్లు అడగండి. పేపాల్‌లో "స్నేహితులకి, బంధువులకి" కింద పంపమని ఎవడైనా అడిగితే అక్కడే ఆగండి. దానికి కొనేవాళ్ళ రక్షణ ఉండదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అయితే ఇంకాస్త జాగ్రత్త. 2024లో వాటిల్లో ఓల్టేజీ లోపం బయటపడి కొన్ని బిళ్ళలు పాడయ్యాయి. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో దిద్దుబాటు ఇచ్చింది, గ్యారంటీ రెండేళ్ళు పెంచింది. బయాస్ అప్‌డేట్ చేశారా అని అడగండి, కొన్న తేదీ కాగితం తీసుకోండి. ఆల్రెడీ పాడైన బిళ్ళని ఏ అప్‌డేటూ బాగుచేయదు.

ధర చూడ్డానికి గైట్స్‌హాల్స్ అనే సైటు ఉంది. పేరుకి అర్థం పిసినారి. పేరు చూసి నవ్వుకున్నా, గూడు, ర్యామ్ రకం, వాట్లు పెట్టి జల్లెడ పట్టడానికి దానిలాంటిది లేదు. ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో వెనక్కిచ్చే వీడర్‌రూఫ్ హక్కు ఉంటుంది. షాపుకెళ్ళి కొంటే ఆ హక్కు చట్టంలో లేదు, షాపువాడి దయ. మన గ్రూపుల్లో చాలామంది దీన్ని తిరగేసి చెప్తున్నారు.

పవర్ సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. అది చెడితే ఒంటరిగా పోదు, పక్కవాటినీ తీసుకుపోతుంది. వాట్లు ఎక్కువున్నంత మాత్రాన మంచిది కాదు, పేరున్న కంపెనీ, నాణ్యత ముఖ్యం. కరెంటు బిల్లు కూడా లెక్కే. 100 వాట్లు ఎక్కువ తాగే డబ్బా రోజుకి 6 గంటలు నడిస్తే ఏడాదికి 219 యూనిట్లు. యూనిట్ 35 సెంట్లు అనుకున్నా దాదాపు 77 యూరోలు అయినట్టే. వేగేలో కరెంటు బిల్లు మీద గొడవలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బిగించడం. భయమంతా ఇక్కడే. భయం పోవాలంటే వరస తెలియాలి.

చలికాలం ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, తివాచీ మీద ఉన్ని సాక్సులతో నడిస్తే తలుపు పిడి ముట్టుకోగానే చిటుక్కుమంటుంది. ఆ చిటుకు చిప్‌కి మంచిది కాదు. సాక్సులు తీసేయండి, టేబుల్ మీద పని చేయండి, మధ్యమధ్యలో పెయింట్ లేని ఇనుము ఏదైనా ముట్టుకోండి.

బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టి మొదలుపెట్టండి. బిళ్ళ మూల మీద త్రికోణం గుర్తు, గూడు మీద త్రికోణం గుర్తు కలపండి. బిళ్ళ దాని బరువుతో అదే కూర్చోవాలి, నొక్కితే పిన్నులు వంగుతాయి. వంగిన పిన్నుకి గ్యారంటీ అడిగితే ఎవడూ ఇవ్వడు. తర్వాత లివర్ వేసేటప్పుడు మాత్రం బలం కావాలి, కిర్రుమంటుంది, బెదరొద్దు. ర్యామ్ రెండు కడ్డీలైతే, నాలుగు గూళ్ళ బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. టక్ అనేదాకా నొక్కండి. కూలర్ కింద ప్లాస్టిక్ పొర పీకేయండి, పేస్టు బఠాణీ గింజంత చాలు, చట్నీ పూసినట్టు పూయొద్దు.

క్యాబినెట్‌లో బోర్డు కింద ఇత్తడి కాళ్ళు ఉన్నాయో లేదో చూసుకోండి, లేకుంటే ఇనుముకి తగిలి షార్ట్ అవుతుంది. బోర్డుకి రెండు పవర్ కేబుళ్ళు వెళ్ళాలి. పెద్దది 24 పిన్నులది, పైన మూలన ప్రాసెసర్‌కి 8 పిన్నులది. రెండోది మర్చిపోయి "బోర్డు చచ్చిపోయింది" అని గ్రూపులో ఏడ్చిన పోస్టులు ఎన్నో. ఇంకోటి గుండెల మీద రాసుకోండి. విడదీసే కేబుళ్ళున్న పవర్ సప్లై అయితే, పాతదాని కేబుల్ కొత్తదానికి పెట్టొద్దు. ప్లగ్గు సరిపోయినా లోపల తీగల వరస కంపెనీకొక రకం. స్విచ్ వేయగానే హార్డ్ డిస్క్ కాలిపోతుంది, దాంతో పాటు మీ థీసిస్.

గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ వైరు దానికే పెట్టండి, బోర్డుకి కాదు. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అది చావు కాదు, మెమరీని సరిచూసుకుంటోంది. టీ పెట్టుకుని రండి. తర్వాత బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో లేదా ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేయండి, లేకుంటే కొన్న వేగం రాదు. అంతే. మొదటిసారి ఒక ఆదివారం పడుతుంది, రెండోసారికి ఒక సాయంత్రం.

ఇంత చెప్పినా ఒక మాట వినపడుతూనే ఉంటుంది. "మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, హార్డ్‌వేర్ మన పని కాదు." ఈ మాటకే మాకు అసలు కోపం. అమీర్‌పేటలో కోర్సు చేసినవాడు గొప్ప, సికింద్రాబాద్ సీటీసీలో డబ్బాలు బిగించే కుర్రాడు తక్కువ అనే లెక్క మోసుకుని విమానం ఎక్కాం. చేతులు మురికి అయ్యే పని తక్కువ పని అని మనకి చిన్నప్పటి నుంచీ ఎక్కించారు. ఇక్కడికొచ్చాక లాగర్‌లో బెల్టు మీద వచ్చే ఆ గ్రాఫిక్స్ కార్డుల డబ్బాలు తీసి సర్దేది ఎవరు? మంచులో మెట్లెక్కి తెచ్చి ఇచ్చేది ఎవరు? మనమే. మన చేతుల మీదుగా పోయిన పెట్టెని మన ఇంట్లో విప్పడానికి మనకే భయమా?

మనం ఉంటున్నది ఏ దేశంలో? 1930ల్లో బెర్లిన్‌లో కొన్‌రాడ్ త్సూజె అనే ఇంజనీరు అమ్మానాన్నల హాల్లో కూర్చుని, స్నేహితులతో రేకులు కోయించి, జెడ్1 అనే లెక్కల యంత్రం కట్టాడు. 1941లో జెడ్3 నడిపించి చూపించాడు. ప్రోగ్రామ్‌తో నడిచిన మొదటి కంప్యూటర్ అని దాన్నే అంటారు. ఆయన తన చేతి పనిని తక్కువనుకోలేదు. ఈ రోజుకీ హానోఫర్ నుంచి వచ్చే ట్సే-టే పత్రిక ఇంట్లో కట్టుకునే పీసీకి విడిభాగాల జాబితాలు వేస్తుంది, ఇక్కడి జనం చదివి బిగించుకుంటారు. వాళ్ళకి నామోషీ లేదు, మనకెందుకు?

ఎదురు వాదనలు మేం విన్నాం, న్యాయమైనవి ఉన్నాయి. ఆరు నెలలకో గది మారే స్టూడెంట్‌కి, ఇంకా ఆన్‌మెల్డుంగ్ కూడా కాని కొత్తవాళ్ళకి డెస్క్‌టాప్ బరువే. వాళ్ళు రిఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, బిల్లుతో. డబుల్ షిఫ్ట్ చేసి ఒళ్ళు హూనమైనవాళ్ళకి ఆదివారం నిద్రే ముఖ్యం. వాళ్ళకి ఏ భాగం ఏ కంపెనీదో రాసిచ్చి, డబ్బు తీసుకుని బిగించి ఇచ్చే దుకాణాలున్నాయి, అదీ తప్పు కాదు. మేం వద్దనేది ఒక్కటే, లోపల ఏముందో చెప్పని డబ్బా, బిల్లు ఇవ్వని చేయి. "పాడైతే ఎలా" అంటారా? సొంతంగా కట్టిన డబ్బాలో పాడైన ఒక్క భాగం పీకి పంపిస్తాం, మిగతాది మన దగ్గరే ఉంటుంది. రెడీమేడ్ అయితే డబ్బా మొత్తం అట్టపెట్టెలో పెట్టి పంపి, పరీక్షల ముందు వారాలకి వారాలు చూస్తూ కూర్చోవాలి.

బిల్లు ఇంకో పనికి కూడా వస్తుంది. ఉద్యోగానికి వాడే కంప్యూటర్ ఖర్చు పన్ను రిటర్న్‌లో చూపించొచ్చు. 2021 నుంచి కొన్న ఏడాదిలోనే మొత్తం చూపించే వీలుంది, ఉద్యోగానికి వాడినంత వాటా వరకు. ఏడాదికి 1,230 యూరోలు ఉద్యోగులందరికీ ఎలాగూ తగ్గిస్తారు కాబట్టి, మీ ఖర్చులన్నీ కలిపి అది దాటితేనే లాభం. క్యాష్ ఇచ్చి తెచ్చిన డబ్బాకి ఇదీ లేదు.

కాబట్టి చేయాల్సింది ఇదీ. ప్రతి ఊరి గ్రూపులో "ఎవరి దగ్గర కొనాలి" అని అడగడం ఆపి, "ఎవరు నేర్పుతారు" అని అడగండి. వచ్చినవాళ్ళు నెలకో ఆదివారం ఇవ్వండి. ఒక స్క్రూడ్రైవర్ సెట్టు నలుగురు కలిసి కొనుక్కోండి. కొనేముందు జాబితా గ్రూపులో పెట్టండి, పది కళ్ళు చూస్తే గూడు తప్పదు, ర్యామ్ తప్పదు. అక్కచెల్లెళ్ళని "నీకెందుకులే, నేను బిగిస్తా" అనకండి, పక్కన కూర్చుని చూడండి చాలు. మా వేగేలో అందరికన్నా శుభ్రంగా కేబుళ్ళు కట్టేది నర్సు అక్కే.

కింద కామెంట్లలో మీ బడ్జెట్, మీ పని, మీ ఊరు రాయండి. జాబితా కలిసి చూద్దాం. కమిషన్ లేదు, ఫీజు లేదు. బిల్లు మాత్రం మీ పేరు మీదే ఉండాలి.